చూసిన రోజు

మొన్న మా మేనేజర్ సాబ్ పోయారు.

ఈ వాక్యం రాసి కొట్టేశాను. ఆయన గురించి రాయడానికి కూర్చుని మొదటి మాటే "మొన్న" అని పెడితే, ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "మొన్న అంటే ఎప్పుడు బిడ్డా?" అని అడిగేవారు. అడిగి ఊరుకునేవారు కాదు, చెప్పేదాకా అక్కడే నిలబడేవారు. అందుకని సరిగ్గా రాస్తున్నాను. ఏప్రిల్ మూడో మంగళవారం, పొద్దున ఆరూ ఇరవైకి పోయారు. గుండె. ఎనిమిదింటికి ఆయన భార్య ఫోన్ చేసి, "మీ సార్ లేడు బిడ్డా" అన్నది. అప్పుడే షాపు షట్టరు సగం ఎత్తి ఉన్నాను. మళ్ళీ దించి, తాళం వేసి వెళ్ళాను. ఇది రాస్తున్నది ఆగస్టు చివర. నాలుగు నెలలు దాటింది. మా హైదరాబాదు లెక్కలో మాత్రం ఇది మొన్నే.

ఈ ఊరు తెలియని పాఠకులకు ఒక మాట చెప్పాలి. మా దగ్గర మొన్న అంటే నిన్నటికి ముందు రోజు కావచ్చు, పోయిన దసరా కావచ్చు, మాట్లాడేవాడికి పెళ్ళయిన కొత్తలో కావచ్చు. ఉర్దూలో పర్సోం అన్నా అంతే సంగతి. "గీడ్నే" అంటే ఈ గోడ అవతల కావచ్చు, రెండు బస్సులు మారి వెళ్ళే చోటు కావచ్చు. మాలో మాకు ఏ ఇబ్బందీ లేదు. చెప్పేవాడి మొహం చూసి ఎన్నేళ్ళో, ఎంత దూరమో పోల్చుకుంటాం. ఇబ్బందల్లా మా మొహాలు చదవడం రానివాళ్ళతోనే.

అలాంటి వాళ్ళే ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. నాంపల్లి స్టేషన్ ఎదుట సందులో ఒక పాత లాడ్జి ఉంది. మూడంతస్తులు, ఇరవై రెండు గదులు, లిఫ్టు లేదు. ఆయన అక్కడ ముప్ఫై నాలుగేళ్ళు మేనేజరు. సందులో అందరికీ మేనేజర్ సాబ్. ఆ లాడ్జి మెట్ల పక్కనే నా జిరాక్సు, డీటీపీ షాపు. ప్యాకేజీ టూర్లలో వచ్చేవాళ్ళు మా సందులోకి రారు. వీపు మీద సంచీ వేసుకుని, చేతిలో ఫోను పట్టుకుని, ఎండకి మొహం ఎర్రబడి, ఎవరి దారిన వాళ్ళు తిరిగేవాళ్ళే వస్తారు. కేరళ నుంచి, బెంగాల్ నుంచి, మంచు దేశాల నుంచి. మొదట ఆయన రిజిస్టరు చూపించేవారు కాదు. గ్లాసుతో నీళ్ళు ముందుకు జరిపి, "తాగున్రి. తాగినంక పేరు రాద్దురు" అనేవారు. భాష రానివాళ్ళకి కూడా ఆ మాట తెలుగులోనే చెప్పేవారు. గ్లాసు చూశాక అనువాదం ఎవరికీ అవసరం పడలేదు.

గది తాళంతో పాటు ఒక కాగితం ఇచ్చేవారు. రెండు పేజీలు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు. ఈ ఊళ్ళో, ఈ ఎండలో, ఈ వానలో ఒంటరిగా తిరిగే మనిషికి ఏం తెలియాలో అందులో ఉంటుంది. దాన్ని టైపు చేసిందీ, ఏడాదికి రెండుసార్లు దిద్దిందీ, కాపీలు తీసిందీ నేను. ఆయన పోయిన నెల రోజులకి లాడ్జి ఓనరు వచ్చి, "అక్కా, సాబ్ కాగితాలు అయిపోయినయ్. ఓ రెండొందలు తియ్యి" అన్నాడు. తియ్యడానికి రెండు నిమిషాలు పడుతుంది. నేను మూడు నెలలు తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో చెప్పాలంటే ఆ కాగితం ఎందుకు పుట్టిందో చెప్పాలి.

పన్నెండేళ్ళయింది. లెక్కపెట్టే రాస్తున్నాను. ఆగస్టు మొదటి వారంలో ఒక చలిదేశం నుంచి సైన్సు మాస్టరు ఒకాయన వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, పొడుగు, మాట నెమ్మది. ఆయన దగ్గర లావుపాటి గైడు పుస్తకం ఒకటి ఉండేది. అందులో మన వైపంతా కలిపి ట్రాపికల్ అని రాసి ఉంది. మేనేజర్ సాబ్ నన్ను పిలిచి, "ట్రాపికల్ అంటే ఏంది బిడ్డా?" అని అడిగారు. ఎండా వానా ఎక్కువుండే దేశం అన్నాను. ఆ మాస్టరు తల అడ్డంగా ఊపి, మా ఇద్దరినీ లాడ్జి మెట్ల ముందుకి తీసుకెళ్ళాడు. మబ్బు విడిచిన మధ్యాహ్నం. పన్నెండూ ఇరవై అవుతోంది. ఒక సోడా సీసా తెచ్చి నేల మీద నిలబెట్టాడు. దాని నీడ తగ్గి తగ్గి, ఒక నిమిషం పాటు అసలు లేకుండా పోయింది. సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చే దేశాన్నే ట్రాపికల్ అంటారని, ఏడాదికి రెండు రోజులు మన ఊళ్ళో ఇలా అవుతుందని, వాళ్ళ దేశంలో ఎన్నడూ కాదని చెప్పాడు. దీని కోసమే తారీఖు చూసుకుని వచ్చాడట. మేనేజర్ సాబ్ తన కాళ్ళ కింద చూసుకున్నారు. "యాభై తొమ్మిదేండ్లు గీ ఊర్లనే ఉన్న. నా నీడ ఎటు పోతుందో ఎన్నడు చూడలే" అన్నారు.

వాళ్ళిద్దరికీ అలా స్నేహం కుదిరింది. అందుకే, ఉత్తరాన అడవి జిల్లాలో ఒక జలపాతం చూడాలని ఉందని మాస్టరు అంటే మేనేజర్ సాబ్ ఉత్సాహపడ్డారు. దాని పేరు ఇక్కడ రాయను, రాస్తే మీరు బయల్దేరతారు. రోడ్డు దిగి, ఒక వాగు దాటి నడవాలి. వాగు దాటొచ్చా అని ఆయన అడిగాడు. "మొన్ననే పోయొచ్చిన. మోకాలి దాక గూడ రాలే" అన్నది మేనేజర్ సాబ్ మనసులో ఉన్న మాట. అది తెలుగులో అని ఉంటే ఏమయ్యేదో గాని, అవతలి మనిషి కోసం జాగ్రత్తగా, తప్పు లేకుండా ఇంగ్లీషు చేసి చెప్పారు. డే బిఫోర్ ఎస్టర్డే ఐ వెంట్. అప్పుడు నేను కౌంటరు దగ్గరే ఉన్నాను. నాకు ఆ మాటలో తప్పేమీ వినిపించలేదు.

మూడో రోజు జిల్లా నుంచి ఫోన్ వచ్చింది. మాస్టరు వాగు దాటి వెళ్ళాడు, తిరిగి వచ్చేటప్పటికి నీళ్ళు పెరిగాయి. నడుం లోతులో ఉండగా బండ దొర్లి పాదం మీద పడింది. కొట్టుకుపోయి పొదల్లో చిక్కుకుంటే ఊరివాళ్ళు తాడు వేసి లాగారు. హైదరాబాదుకి తెచ్చి పెద్ద దవాఖానలో చేర్చారు. ఆపరేషన్ చేసి ఎడమ పాదం వేళ్ళు రెండు తీసేశారు. పాస్‌పోర్టు కాపీలు కావాలంటే నేను తీసి, మేనేజర్ సాబ్‌తో కలిసి వెళ్ళాను.

మాస్టరు మమ్మల్ని చూసి సంతోషించాడు. కోపం లేదు. ఆయన అడిగింది లెక్క కోసం అడిగాడు. "నువ్వు దాటిన రోజు నీళ్ళు ఎంత ఉన్నాయి? రెండు రోజుల్లో ఎంత పెరిగాయో నాకు తెలియాలి" అన్నాడు. మేనేజర్ సాబ్ మంచం పట్టీ పట్టుకున్నారు. తర్వాత, "ఆరేండ్లయింది. ఎండకాలంల పోయిన" అన్నారు. ఆ మాట మాస్టరుకి ఇంగ్లీషులో నేను చెప్పాల్సి వచ్చింది. మాస్టరుకి అర్థం కాలేదు. మా దగ్గర మొన్న అంటే ఎప్పుడో అని కూడా అర్థమని, అందులో అబద్ధం లేదని, నా వచ్చీరాని ఇంగ్లీషులో తంటాలు పడి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మరి నిన్న అంటే?" అని అడిగాడు. "నిన్న అంటే నిన్నే" అన్నాను. ఆయన నవ్వాడు. మనసారా నవ్వాడు. నాకు కూడా నవ్వొచ్చింది, అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మేనేజర్ సాబ్ నవ్వలేదు.

మాస్టరు చంకకర్రతో విమానం ఎక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు మేనేజర్ సాబ్ నా షాపులోకి వచ్చి కూర్చున్నారు. "ఒక కాయితం కొట్టాలె. నోటితోటి చెప్పుడు బంద్" అన్నారు. చోటు పేరు పక్కన నిలువుగా రెండు గడులు పెట్టమన్నారు. పెద్ద గడిలో మాట, చిన్న గడిలో "చూసిన రోజు". తాను స్వయంగా చూసిందే రాయాలి, చూసిన తారీఖు పక్కన వేయాలి. ఆరు నెలలు దాటితే మళ్ళీ చూసి తారీఖు మార్చాలి. చూడకపోతే లైను తీసేయాలి. మొన్న అనే మాట, గీడ్నే అనే మాట ఎక్కడా కనబడకూడదు.

"దూరం ఎట్ల రాయాలె సార్? కిలోమీటర్లా?" అని అడిగాను.

"కిలోమీటర్ ఎండల ఒక తీరు, నీడల ఒక తీరు. నిమిషాలల్ల రాయి."

నిమిషాలు తెలియాలంటే నడవాలి. ఆదివారాలు ఆయన నడిచేవారు, నాకు వీలైనప్పుడు గొడుగు పట్టుకుని వెంట వెళ్ళేదాన్ని. ఖాళీ చేతులతో నడిస్తే లెక్క తప్పుతుందని, ఎవరో గదిలో వదిలేసిన నారింజ రంగు వీపుసంచీలో పాత టెలిఫోను డైరెక్టరీలు నింపి భుజాలకి తగిలించుకున్నారు. అరవై ఏళ్ళ మనిషి, తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, వీపున నారింజ సంచీ, మే నెల ఒంటిగంట ఎండ. అబిడ్స్ అంతా తిరిగి చూసింది. బట్టల షాపు ముందు కూర్చున్న తెలిసినాయన, "ఏంది సాబ్, ఎటు?" అని పలకరిస్తే, అలవాటుగా "గీడ్నే" అనేశారు. పది అడుగులు వేసి, వెనక్కి తిరిగి వెళ్ళి, "మొజంజాహీ మార్కెట్ దాక. ఇరవై రెండు నిమిషాలు" అని చెప్పి వచ్చారు. ఆయన వెళ్ళాక ఆ షాపాయన నన్ను చూసి, తలకి ఎండ తగిలిందా అన్నట్టు సైగ చేశాడు.

ఆ కాగితంలోవి కొన్ని ఇక్కడ చెబుతాను, ఉపయోగపడతాయి. దాహం అయ్యాక తాగితే ఆలస్యమైనట్టే, గంటకోసారి తాగండి. పదకొండు నుంచి నాలుగు దాకా చూడాల్సినవి లోపల కూర్చుని చూసేవిగా పెట్టుకోండి. మొజంజాహీ మార్కెట్‌లో పండు కొనండి, కోసి పెట్టిన ముక్కలు కొనకండి, మీ కళ్ళ ముందు కోయించుకోండి. ఐస్‌క్రీమ్ తినండి, ఐసు ముక్కలు వేసిన రసం వద్దు. తడిసిన బూట్లలో పేపరు ఉండలు చుట్టి పెట్టండి, పొద్దుటికి ఆరతాయి. రోడ్డు మీద వాననీళ్ళు నిలిస్తే అందులో నడవకండి, కింద మూత ఉందో లేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఎక్కడైనా ఎత్తుకి ఎక్కి ఆగిపోండి, మా ఊరి వాన గంటలో అలిసిపోతుంది. ఆ చివరి వాక్యం నాది. వద్దన్నారు, తర్వాత ఉంచారు.

అన్నిటికన్నా పనికొచ్చేది దారి అడిగే పద్ధతి. "ఇటేనా?" అని అడగకండి, ఎవరిని అడిగినా ఔ అంటారు. "ఎటు?" అని అడగండి. నడిచేవాణ్ణి అడగకండి, షాపులో కూర్చున్నవాణ్ణి అడగండి. ఇద్దరిని అడిగి, ఇద్దరూ ఒకే వైపు చూపిస్తేనే కదలండి. ఇది టైపు చేస్తుంటే నాకు కొంచెం రోషం వచ్చింది. "మనోళ్ళ పరువు తీస్తున్నరు సార్" అన్నాను.

"మనోళ్ళు చెడ్డోళ్ళు కాదు బిడ్డా. అడిగినోనికి లేదనలేరు, గంతే. ఎర్కలేదు అంటే మర్యాద తక్కువైతదని అనుకుంటరు. నేను గూడ గట్లనే అనుకున్న" అన్నారు. తర్వాత ఎన్నోసార్లు ఆయన నోట విన్న మాట ఒకటుంది. "ఎర్కలేదు అనుడు ఖాళీ చెయ్యి చూపెట్టుడు కాదు. గది గూడ ఇచ్చుడే." బషీర్‌బాగ్ నుంచి బస్సు ఎన్నింటికి అని ఎవరైనా అడిగితే, తెలియకపోతే నిటారుగా నిలబడి, "ఎర్కలేదు" అని చెప్పి, తెలిసినవాళ్ళ దగ్గరికి తానే తీసుకెళ్ళేవారు. మొదట్లో సందులో నవ్వుకున్నారు. పోను పోను, నిజం కావాల్సినవాళ్ళు ఆయన దగ్గరికే రావడం మొదలైంది. నేను మా నాన్న మాట కన్నా ఆయన మాట నమ్మాను. ఇది మా నాన్నకి తెలియదు.

కాగితంలో ఒక్క లైను మాత్రం నాకు చికాకు. అన్నిటికన్నా చివర, "ఉత్తరాన అడవిలో జలపాతం, వాగు" అని ఉంటుంది. ఆ పేరు పక్కన మాట లేదు, తారీఖు లేదు. రెండు గడులూ ఖాళీ. ప్రతిసారీ దిద్దేటప్పుడు, "చూడని లైను తీసెయ్యాలె అని మీరే అన్నరు కద సార్. ఇది తీసేద్దామా?" అని అడిగేదాన్ని. "ఉండనియ్యి" అనేవారు. అంతకు మించి చెప్పేవారు కాదు. ఆ వాగు దగ్గరికి మళ్ళీ వెళ్ళే ధైర్యం లేదు, తీసేసే ధైర్యమూ లేదు అని నాకు నేను సమాధానం చెప్పుకున్నాను. అలా సమాధానం చెప్పుకోవడం నాకు బాగా వచ్చు.

మార్చిలో ఆయనకి ఒంట్లో బాగోలేదు. ఎండాకాలం ముందు దిద్దాల్సిన వంతు అప్పుడే పడింది. సగం దాకా నడిచారు. తర్వాత డాక్టరు కదలొద్దన్నాడు. నేను చూడ్డానికి వెళ్తే మంచం మీద కూర్చుని కాగితం చూస్తున్నారు. "తొమ్మిది లైన్లు ఉండిపోయినయ్ బిడ్డా. జర చూస్తవా?" అన్నారు. చూస్తాను సార్, ఫికర్ చెయ్యకండి అన్నాను. పరీక్షల కాలం, షాపులో హాల్‌టికెట్ల రద్దీ. వెళ్ళలేదు. తర్వాతి వారం, "చూసినవా?" అని అడిగారు. నేను "ఆ, మొన్న చూసిన సార్" అన్నాను. అబద్ధమాడాలనుకోలేదు, నోటికి వచ్చేసింది. ఆయన నా మొహం చూశారు. ఆయన మా ఊరివాడే, మొహం చదవడం తెలుసు. అదే ఆఖరుసారి.

ఇందుకే మూడు నెలలు కాపీలు తియ్యలేదు. చూడని తొమ్మిది లైన్లతో కాగితం కౌంటరు మీద పెడితే, పన్నెండేళ్ళు ఆయన చేసిన పని అంతా ఒక పెద్ద మొన్న అయిపోతుంది. ఇంకొకరి పాదం మీదికి వస్తుంది. చూద్దామంటే కాళ్ళు కదలలేదు, ఎందుకో నాకే తెలియదు. ఓనరు మళ్ళీ వచ్చి, "ఎవరు చూస్తరు అక్కా తారీఖులు? గట్లనే తియ్యి. ఆ ఆఖర్ల ఖాళీ లైను తీసెయ్యి, మంచిగ లేదు" అన్నాడు. అతనిది తప్పు కాదు. కానీ ఆ మాటకి నాకు కోపం వచ్చింది, ఆ కోపంతోనే మర్నాడు, ఆదివారం, బయల్దేరాను.

ఎనిమిది లైన్లు రెండు ఆదివారాల్లో అయిపోయాయి. గన్‌ఫౌండ్రీలో నీడకి నిలబడమని ఆయన రాసిన చెట్టు లేదు, దాని బదులు బ్యాంకు మెట్లున్నాయి. తాగేనీళ్ళ కుళాయి ఇప్పుడు రోడ్డుకి ఇవతలి పక్కన ఉంది. రాత్రిపూట టికెట్లిచ్చే కిటికీ మూసేశారు. మూడు లైన్లు కొట్టేశాను, రెండు దిద్దాను. ఆయన రాసిన మాటని కొట్టేస్తుంటే బాధేసింది, కానీ చెయ్యి ఆగలేదు. తొమ్మిదోది ఆ ఖాళీ లైను.

పోయిన వారం బస్సెక్కి వెళ్ళాను. ఐదున్నర గంటల ప్రయాణం. రోడ్డు మీద దిగితే అడవి మొదట్లో ఒకామె మక్క కంకులు కాలుస్తోంది. వాగు ఎంత దూరమని అడగలేదు, ఎన్ని నిమిషాలని అడిగి గడియారం చూసుకుని కాగితం మీద రాసుకున్నాను. ఆమె విసనకర్ర ఆపి నన్ను చూసింది.

"గిట్లనే గడియారం చూసుకుంట రాసుకునే పెద్దసారు ఒకాయన ఒస్తుండె పట్నంకెల్లి. నువ్వు ఆయన బిడ్డవా?"

కాదన్నాను. ఎప్పుడు వచ్చేవారని అడిగాను.

"ఏటేట ఒస్తుండె, గీ వానలల్లనే. పది పన్నెండేండ్ల సంది. రెండు దినాలు ఉంటుండె. గా ఒడ్డు మీది బండ మీదనే కూసుండేది, పొద్దుగూకే దాక. ఈ ఏడు ఇంక రాలే. మంచిగున్నడా?"

పోయారని చెప్పాను. ఏప్రిల్‌లో అని చెప్పాను. ఆమె కాలుతున్న కంకిని నిప్పుల మీంచి పక్కకి తీసింది. ఏటా వానాకాలంలో రెండు రోజులు ఆయన సందులో కనిపించేవారు కాదు. ఊళ్ళో పొలం పని ఉందేమో అనుకునేదాన్ని. ఆయనకి పొలం లేదని నాకు ముందే తెలుసు.

"కూర్చుని ఏం చేసేవారు?" అని అడిగాను.

"ఏం చేస్తడు. దాటుతమని ఒచ్చెటోళ్ళను ఆపుతుండె. కొందరు కొట్లాటకొచ్చెటోళ్ళు. ఆయన ఏమనకపోయేది. పావుగంట కూసోర్రి, తర్వాత మీ ఇష్టం అనేటోడు. కూసుంటే ఆళ్ళకే తెలుస్తుండె."

పన్నెండు నిమిషాలు నడిస్తే వాగు వచ్చింది. ఆకాశం కడిగినట్టుంది, ఎండ కాస్తోంది. నీళ్ళు తేటగా, చీలమండ దాకా ఉన్నాయి, అవతలి ఒడ్డుకి వరసగా ఏడు బండలు. ఇంత చిన్న వాగా అనిపించింది. నాకే దాటాలనిపించింది. పావుగంట కూర్చోమన్నారు కాబట్టి ఆ బండ మీద కూర్చుని గడియారం చూశాను. తొమ్మిదో నిమిషంలో నీళ్ళ రంగు మారింది. పదకొండులో మొదటి బండ మునిగింది. చుక్క వాన లేదు. వాన ఎక్కడో పైన, కొండల అవతల పడుతోంది.

అప్పుడు తెలిసింది. మేనేజర్ సాబ్ నిజంగానే రెండు రోజుల ముందు వచ్చి ఉన్నా మాస్టరుతో అదే మాట చెప్పేవారు. ఆ పొద్దున్నే వచ్చి ఉన్నా అదే చెప్పేవారు. ఆ వేళ్ళు తీసుకున్నది మొన్న అనే మాట కాదు. ఈ సంగతి మొదటి ఏడాదే, ఈ బండ మీదే, ఆయనకి తెలిసి ఉండాలి. సందులోకి వచ్చి నాతో ఒక్క మాట, నా తప్పు కాదు బిడ్డా అని చెప్పుకోవచ్చు. చెప్పలేదు. ఏటా వచ్చి ఇక్కడ కూర్చున్నారు. ఆయన్ని పిరికివాడు అనుకున్నాను నేను, పన్నెండేళ్ళు. అక్కడ కూర్చుని ఏడ్చాను, దాచుకోవడానికి ఎవరూ లేరు.

ఖాళీ గడిలో ఏం రాయాలో అప్పుడు తెలిసింది. తారీఖు గడి మాత్రం ఖాళీగానే ఉంచాను, ఆ వాగుకి ఏ తారీఖూ నిలవదు. ఊరికి తిరిగొచ్చిన మర్నాడు రెండొందల కాపీలు తీసి కౌంటరు మీద పెట్టాను.

ఆ రోజు వాగు ఒడ్డున, నేను బండ మీంచి లేచేలోపు, కాలేజీ పిల్లలు నలుగురు వచ్చారు. పట్నం పిల్లలే, వీపున సంచీలు. ఒకమ్మాయి అప్పటికే బూట్లు విప్పి, మెడలో వేసుకుని, ప్యాంటు మడుచుకుంటోంది. మొదటి బండ మునిగిన సంగతి వాళ్ళకి తెలియదు, అక్కడ బండ ఉండేదనే తెలియదు.

"ఆంటీ, దాటొచ్చు కదా?" అన్నది.

నోటి దాకా చాలా మాటలు వచ్చాయి. "ఎర్కలేదు బిడ్డా. జర పావుగంట కూసోర్రి, తర్వాత మీ ఇష్టం" అన్నాను.

విసుక్కున్నారు. ఒకబ్బాయి ఏదో గొణిగాడు. అయినా కూర్చున్నారు, ఎండలో, నా పక్కన, ఫోన్లు చూసుకుంటూ. రెండో బండ మునిగింది. మూడోది మునిగేటప్పుడు ఆ అమ్మాయి ఫోను లోంచి తలెత్తి వాగు వైపు చూసింది, చూపు తిప్పుకోలేదు. నాలుగో బండ మీదికి నీళ్ళు ఎక్కుతుండగా మెడలోంచి బూట్లు తీసి, ఒక్కొక్కటీ తొడుక్కుని, లేసులు కట్టుకుంది.